సీఓపీడీ ఉన్న నాన్న సిగరెట్టు మానాలంటే: ఒట్లు ఆపండి, మందు సరిపడా ఇప్పించండి

అమ్మా, మీరు రాసినదాన్ని బట్టి నాకు అర్థమైనది ఇది. నాన్నగారికి 62 ఏళ్లు. ఆర్టీసీలో డ్రైవరుగా పనిచేసి రిటైరయ్యారు. నలభై ఏళ్ల అలవాటు, రోజుకు పదిహేను సిగరెట్లు. మూడేళ్ల క్రితం సీఓపీడీ అని, అంటే ఊపిరి గొట్టాలు ఇరుకై గాలి ఆడకుండా చేసే దీర్ఘకాలపు జబ్బు అని తేలింది. ఈ ఏడాది ఆయాసం ముదిరి రెండుసార్లు ఆసుపత్రిలో చేర్చారు. పీల్చే మందు వాడుతూనే పెరటి గోడ వెనక్కి వెళ్లి తాగి వస్తున్నారు. అమ్మ మీద ఒట్టు వేయిస్తే రెండు రోజులు నిలిచింది. 'ఇంతదాకా వచ్చాక ఇప్పుడు మానితే ఏం లాభం' అంటున్నారు. ఆయనకు తెలియకుండా టీలో కలిపి ఇచ్చే పొడి ఒకటుందని ఎవరో చెప్పారు, ఇవ్వవచ్చా అని మీ ప్రశ్న.

ముందు ఆ పొడి సంగతి. ఇవ్వకండి. అందులో ఏమేం కలిపారో మీకూ తెలియదు, నాకూ తెలియదు. మీ నాన్నగారు ఇప్పటికే గుండెదడ తెప్పించగల మందులు వాడుతుండవచ్చు. వాటి మీద ఇంకేదో పడితే ఏమవుతుందో ఎవరూ చెప్పలేరు. అంతకన్నా పెద్ద నష్టం మరొకటి ఉంది. ఈ విషయం ఆయనకు ఒక్కసారి తెలిసిందంటే, రేపు మీరు చేతికిచ్చే అసలైన మందును కూడా అనుమానంగానే చూస్తారు. ఇల్లు ఇల్లంతా నా మీద కుట్ర చేస్తోందనుకునే మనిషి చేత ఏ వైద్యుడూ సిగరెట్టు మాన్పించలేడు.

నేను ఊపిరితిత్తుల వైద్యుడిని. ఇరవై ఆరేళ్ల అనుభవం. అందులో సగం ప్రభుత్వ ఆసుపత్రి ఛాతీ విభాగంలో, మిగతాది కోస్తాలో ఒక చిన్న పట్నంలో. మొదటి పదేళ్లు నేను కూడా మీరు చేస్తున్నదే చేశాను. ఎక్స్‌రేను లైటు పెట్టె మీద తగిలించి, 'ఇలాగే తాగితే రెండేళ్లకు మించి ఉండవు' అని బెదిరించేవాడిని. రోగి తల వంచుకుని 'మానేస్తానండి' అనేవాడు. వచ్చే నెల మళ్లీ అవే పిల్లికూతలు, అదే వాసన, అదే మాట. చివరికి ఒక పెద్దాయన నిజం చెప్పాడు: 'మీ గదిలోంచి బయటికి వెళ్లాక ఒకటి కాలిస్తే గానీ కాళ్లు కదలవు సార్.' నేను పెట్టిన భయం తగ్గడానికి అతను నేను వద్దన్నదాన్నే వెలిగిస్తున్నాడు.

మీ నాన్నగారికి భయం తక్కువని అనుకోకండి. ఏడాదిలో రెండుసార్లు ఆక్సిజన్ మాస్కు పెట్టించుకున్న మనిషికి, ఊపిరి అందకపోవడమంటే ఏమిటో మనం వర్ణించి చెప్పనక్కరలేదు. ఆయనకు ఉన్నవి రెండు జబ్బులు. ఊపిరితిత్తుల జబ్బుకు వైద్యం జరుగుతోంది. నికోటిన్ వ్యసనం అనే రెండో జబ్బుకు మాత్రం మందు బదులు ఒట్లూ తిట్లూ అందుతున్నాయి.

పొగ లోపలికి లాగిన కొన్ని సెకన్లలోనే నికోటిన్ మెదడుకు చేరుతుంది. రెండు గంటలు గడిచేసరికి రక్తంలో సగానికి పడిపోతుంది. ఆపైన ఆరాటం, చిరాకు, ఛాతీలో ఏదో బిగబట్టినట్టు ఉండటం మొదలవుతాయి. ఇక్కడే సీఓపీడీ రోగికి ప్రత్యేకమైన చిక్కు వస్తుంది. ఆయాసం వల్ల వచ్చే బిగుతూ, నికోటిన్ తగ్గినప్పుడు వచ్చే బిగుతూ లోపల ఇంచుమించు ఒకేలా తెలుస్తాయి. ఒక దమ్ము లాగగానే రెండోది సర్దుకుంటుంది. మనిషి మాత్రం ఆయాసమే తగ్గిందనుకుంటాడు. 'సిగరెట్టు తాగితేనే నాకు ఊపిరి ఆడుతుంది' అనే రోగిని చూసి ఇంట్లోవాళ్లు నవ్వుతారు. అతను అబద్ధమాడటం లేదు, తనకు తెలిసినదే చెబుతున్నాడు. దానికి తోడు, సీఓపీడీ వచ్చాక కూడా తాగుతున్నవారిలో ఈ వ్యసనం మామూలుగా తాగేవారి కన్నా బలంగా ఉంటుంది. తేలికగా మానగలిగినవాళ్లు చాలామంది ముందే మానేసి ఉంటారు కదా.

ఇక 'ఏం లాభం' అన్న ప్రశ్న. దీన్ని మొండితనమని కొట్టిపారేయకండి, ఆయన నిజంగానే అడుగుతున్నారు. నిజమే చెప్పాలి: పోయిన శక్తి తిరిగి రాదు. మారేది తరుగుదల వేగం. ఊపిరితిత్తుల శక్తి నడివయసు నుంచి అందరికీ ఏటా కొద్దికొద్దిగా తగ్గుతుంది. పొగ ఆ తరుగును రెట్టింపు చేస్తుంది. అమెరికా, కెనడాలలో దాదాపు ఆరు వేల మంది సీఓపీడీ తొలి దశల వారిని పదకొండేళ్లు గమనించిన ఒక అధ్యయనం ఉంది. గట్టిగా ఊదినప్పుడు మొదటి సెకనులో బయటికి వచ్చే గాలిని కొలిచారు. పూర్తిగా మానిన మగవారిలో అది ఏడాదికి సుమారు 30 మిల్లీలీటర్లు తగ్గింది. తాగుతూ ఉన్నవారిలో 66 మిల్లీలీటర్లు తగ్గింది. పదకొండేళ్లకు తేడా నాలుగు వందల మిల్లీలీటర్ల దాకా వస్తుంది. ఆరోగ్యవంతుడికి అది లెక్కలోకి రాదు. మొత్తం మిగిలిందే లీటరున్నర అయినవాడికి మాత్రం, స్నానాల గదికి తానే నడిచి వెళ్లడానికీ ఒకరు పట్టుకుని తీసుకెళ్లడానికీ ఉన్న తేడా అదే. మీ నాన్నగారి జబ్బు వాళ్లకన్నా ముదిరినదై ఉండవచ్చు, కాబట్టి ఇవే అంకెలు ఆయనకు అలాగే వర్తిస్తాయని అనను. తరుగు నెమ్మదించడం మాత్రం ఏ దశలోనైనా లాభమే. ఆసుపత్రి పాలు చేసే ఆయాసాలు కూడా తగ్గుతాయి.

ఆయన డ్రైవరు కదా, నేనైతే ఇలా చెబుతాను: 'ట్యాంకులోంచి కారిపోయిన డీజిలు ఎలాగూ తిరిగి రాదండీ. పైపు బిగిస్తే ఉన్నదానితో ఎంత దూరం వెళ్తామో చూసుకుందాం.' ఒక లారీ డ్రైవరుకు ఈ మాట చెబితే చాలాసేపు మౌనంగా కూర్చుని, 'పైపు బిగించడానికి పానా ఏదండీ?' అని అడిగాడు. మన దగ్గర తడబాటు మొదలయ్యేది అక్కడే.

పానా అంటే మందు. దాన్ని మన దగ్గర ఎంత అరకొరగా వాడతారో చెబుతాను. 'నికోటిన్ గమ్ వాడాను, పనిచేయలేదు' అని వచ్చినవారిని నేను వెంటనే రెండు ప్రశ్నలు అడుగుతాను: రోజుకు ఎన్ని, ఎలా నమిలారు? సాధారణంగా వచ్చే జవాబు, 2 మిల్లీగ్రాములవి రోజుకు మూడు, కిళ్లీ నమిలినట్టు గబగబా. పదిహేను సిగరెట్ల మనిషికి అది ఏ మూలకూ చాలదు. పైగా గబగబా నమిలితే నికోటిన్ ఉమ్మితో కడుపులోకి వెళ్లి ఎక్కిళ్లు, మంట తెస్తుంది కానీ మెదడుకు సరిగ్గా చేరదు. పద్ధతి ఇది: నెమ్మదిగా నాలుగైదు సార్లు నమలాలి. నోట్లో చురుక్కుమనగానే ఆపి, బుగ్గకూ చిగురుకూ మధ్య పెట్టాలి. చురుకు తగ్గాక మళ్లీ కాస్త నమిలి, రెండో బుగ్గలో పెట్టాలి. అలా అరగంట. నమలడానికి పావుగంట ముందు నుంచి టీ, కాఫీ, పుల్లటి పానీయాలు వద్దు, అవి నికోటిన్ ఇంకకుండా అడ్డుపడతాయి. టీ తాగుతూ గమ్ నమిలేవాళ్లు మన దగ్గర ఎందరో! నిద్ర లేచిన అరగంటలోపే మొదటి సిగరెట్టు వెలిగించే మనిషికి 4 మిల్లీగ్రాములది కావాలి. మొదటి వారాల్లో గంటకో రెండు గంటలకో ఒకటి, మొత్తం పన్నెండు వారాలు. కట్టుడు పళ్లు ఉంటే గమ్ అంటుకుంటుంది, అప్పుడు చప్పరించే బిళ్లలు వాడాలి.

గమ్ ఒక్కటే కాకుండా, చర్మానికి అంటించుకునే నికోటిన్ ప్యాచ్ కూడా కలిపి వాడితే ఫలితం ఇంకా మెరుగు. రోజుకు పదికి మించి తాగేవారికి సాధారణంగా 21 మిల్లీగ్రాముల ప్యాచ్‌తో మొదలుపెట్టి, కొన్ని వారాల తర్వాత 14కు, ఆపైన 7కు తగ్గిస్తాం. ప్యాచ్ రోజంతా నికోటిన్‌ను ఒకే మట్టంలో ఉంచుతుంది. టీ కొట్టు కనబడినప్పుడో, భోజనమయ్యాకో ఒక్కసారిగా నాలుక పీకితే, అప్పటికి గమ్. 'నికోటినే కదా విషం, దాన్నే మళ్లీ ఇస్తారేమిటి' అని మీ అమ్మగారు తప్పకుండా అడుగుతారు. ఊపిరితిత్తులను కాల్చేది పొగ, అందులోని తారు, మరెన్నో రసాయనాలు. నికోటిన్ చేసేది మనిషిని కట్టిపడేయడం. కొన్నాళ్లు దాన్ని పొగ లేకుండా అందించి, నెమ్మదిగా తగ్గించుకుంటూ వస్తాం. ఈ మధ్యనే గుండెపోటు వచ్చినవారి విషయంలో మాత్రం వైద్యుడితో మాట్లాడకుండా మొదలుపెట్టకూడదు.

వైద్యుడి చీటీ మీద వాడే మాత్రలు రెండున్నాయి. వరెనిక్లిన్ గురించి ప్రత్యేకంగా చెబుతున్నాను, దాన్ని సీఓపీడీ రోగుల మీదనే పరీక్షించారు. అయిదు వందల నాలుగు మందిలో, పన్నెండు వారాల కోర్సు చివరి నాలుగు వారాలూ ఒక్కటీ ముట్టనివారు మందు తీసుకున్నవారిలో 42 శాతం, ఉత్తుత్తి మాత్ర తీసుకున్నవారిలో 9 శాతం. అయితే ఏడాది నిండేసరికి ఆ 42 కాస్తా 19కి దిగింది, 9 ఆరుకు దిగింది. మందు మూడు రెట్లు మేలు చేసిందన్నదీ నిజమే, మందు తీసుకున్నవారిలో కూడా ఎక్కువమంది మళ్లీ మొదలుపెట్టారన్నదీ నిజమే. రెండో సంగతి దాచి మొదటిదే చెప్పే వైద్యుల వల్లే, మళ్లీ తాగిన రోగి ముఖం చూపించలేక రావడం మానేస్తాడు. ఈ మాత్రతో వికారం రావచ్చు, కాబట్టి భోజనం చేశాక నిండు గ్లాసు నీళ్లతో వేసుకోవాలి. మూత్రపిండాల జబ్బు ఉంటే మోతాదు తగ్గించాలి. మతి చెడుతుందని ఒకప్పుడు దీని మీద భయం ఉండేది. ఎనిమిది వేల మందికి పైగా పాల్గొన్న పరీక్ష ఫలితాలు 2016లో వచ్చాక ఆ భయం చాలావరకు తీరింది. రెండోది బుప్రోపియాన్. మూర్ఛలు ఉన్నవారికి అది పనికిరాదు.

ఇప్పుడు ఒక హెచ్చరిక. నేను చేసిన తప్పు నుంచి నేర్చుకున్నది. చాలా ఏళ్ల క్రితం ఒక రైసు మిల్లు మేస్త్రీ వచ్చాడు. సిగరెట్టు మాని తొమ్మిది రోజులు. వాంతులు, చేతుల వణుకు, గుండెదడ. 'ఇదంతా మానడం వల్లే, ఒక్కటైనా తాగనివ్వండి' అని భార్య ఏడుస్తోంది. నేను కూడా అది మానినప్పటి ఆరాటమే అనుకుని, ధైర్యం చెప్పి పంపించాను. మూడో రోజు గుండె లయ తప్పి తిరిగి వచ్చాడు. అప్పుడు మందుల సంచి కిందికి కుమ్మరించి చూశాను. ఆయాసానికి ఇచ్చే థియోఫిలిన్ మాత్ర ఉంది, నేను రాసినదే. పొగలోని రసాయనాలు కాలేయాన్ని రెచ్చగొట్టి ఈ మందును తొందరగా ఖర్చు చేయిస్తాయి. పొగ ఆగిన వారంలో కాలేయం మామూలు వేగానికి వస్తుంది. అంతవరకు సరిపోయిన మాత్రే అప్పుడు ఎక్కువైపోతుంది. దీనికి కారణం నికోటిన్ కాదు, పొగ. అందుకే ప్యాచ్ పెట్టినా ఈ చిక్కు తప్పదు. థియోఫిలిన్ ఉన్న డెరిఫిలిన్ వంటి మాత్రలు మన దగ్గర ఇప్పటికీ విరివిగా రాస్తారు. మీ నాన్నగారి చీటీలో అవి ఉంటే, సిగరెట్టు మానే తేదీ వైద్యుడికి ముందే చెప్పండి. మోతాదు పావు వంతు నుంచి మూడో వంతు దాకా తగ్గించాల్సి రావచ్చు. అది వైద్యుడే తగ్గించాలి, మీరు కాదు. కాఫీకి కూడా ఇదే సూత్రం: మానిన తర్వాత, తాగే రెండు కప్పులే నాలుగు కప్పుల పనిచేస్తాయి. నిద్ర పట్టడం లేదని సిగరెట్టును తలచుకునేవారిలో కొందరి అసలు సమస్య సాయంత్రం కాఫీ.

మొదటి వారాల్లో దగ్గు, కఫం పెరగవచ్చు. ఊపిరి గొట్టాలను ఊడ్చే సన్నటి నూగు మళ్లీ పని మొదలుపెట్టిందన్నమాట. ముందే చెప్పకపోతే 'తాగినప్పుడే నయం, కఫం బయటికి వచ్చేది' అనేస్తారు. మలబద్ధకం కూడా నిజమే. పొద్దున్నే సిగరెట్టు లేనిదే కడుపు కదలదనే మాట వట్టి సాకు కాదు, నికోటిన్‌కు పేగులను కదిలించే గుణం ఉంది. ఆకుకూరలు, నీళ్లు, అవసరమైతే కొన్నాళ్లు ఒక మందు. ఇంత చిన్న కారణానికి మళ్లీ మొదలుపెట్టినవాళ్లను నేను చాలామందిని చూశాను.

ఒక్కసారిగా ఆపాలా, తగ్గించుకుంటూ రావాలా? తేదీ పెట్టుకుని ఒక్కసారిగా ఆపినవారికే కాస్త మెరుగైన ఫలితం వస్తుంది. 2016లో ఇంగ్లాండులో వచ్చిన ఒక అధ్యయనంలో నాలుగు వారాల తర్వాత ఒక్కసారిగా ఆపినవారిలో 49 శాతం నిలిచారు, తగ్గిస్తూ వచ్చినవారిలో 39 శాతం. అయినా 'ఆపడం నా వల్ల కాదు' అనే మనిషితో నేను వాదించను. ఈ రోజే ప్యాచ్ పెట్టి, పదిహేనును ఏడుకు తెమ్మంటాను. ఏడుకు తెచ్చిన మనిషికి తన మీద కొంచెం నమ్మకం కలుగుతుంది, అప్పుడు తేదీ తానే చెబుతాడు. సిగరెట్టు బదులు బీడీ, ఖైనీ, జర్దా కిళ్లీ మాత్రం వద్దు. ఎలక్ట్రానిక్ సిగరెట్లను మన దేశంలో 2019లోనే నిషేధించారు, ఆ దారి వెతకనక్కరలేదు.

మీరు గమనించని ఒక మంచి సంగతి మీ ఉత్తరంలోనే ఉంది. ఆసుపత్రిలో ఉన్న రెండుసార్లూ ఆయన తాగలేదు కదా! కొన్ని రోజుల పాటు, అత్యంత కష్టమైన మొదటి మూడు రోజులతో సహా, నికోటిన్ లేకుండా గడిపారు. డిశ్చార్జి కాగితంలో పీల్చే మందు రాశారు, యాంటీబయాటిక్ రాశారు, ప్యాచ్ ఎవరూ రాయలేదు. ఇంటికి రాగానే పెరటి గోడ పిలిచింది. మా వృత్తిలో మేం చేజార్చుకునే అతి పెద్ద అవకాశం ఇదే. దేవుడి దయ వల్ల ఆ అవసరం రాకూడదు కానీ, మళ్లీ చేర్చాల్సి వస్తే, మొదటి రోజే వార్డు వైద్యుడిని ప్యాచ్ గురించి అడగండి.

ఇంట్లో చేయాల్సిన వాటికి వస్తాను. జేబులు వెతకడం, నోరు వాసన చూడడం, లెక్కపెట్టడం ఈ రోజుతో ఆపండి. దాచుకునే మనిషి, సాయం కావాల్సిన క్షణంలోనూ దాచుకుంటాడు. ఇక ఒట్టు సంగతి. అమ్మ మీద వేసిన ఒట్టు తప్పాక, 'నా భార్య ప్రాణానికి కూడా నేను విలువ ఇవ్వలేదు' అనే సిగ్గుతో ఆయన గోడ వెనక ఎన్నిసార్లు నిలబడి ఉంటారో ఆలోచించండి. ఆ సిగ్గు చల్లారడానికి ఆయనకు తెలిసిన మందు ఒక్కటే. ఒకటి తాగారని తెలిస్తే, 'మళ్లీ మొదలెట్టావా' అనకుండా 'ఎప్పుడు, ఎక్కడ లాగింది?' అని అడగండి. ఆ జవాబులో వైద్యుడికి పనికొచ్చేది ఉంటుంది. ఇంట్లో ఇంకెవరైనా తాగుతుంటే, వాళ్ల పెట్టె కూడా ఆయన కంట పడకూడదు.

నాలుక పీకడం నాలుగైదు నిమిషాలు ఉండి తగ్గుతుంది. ఆ నాలుగైదు నిమిషాల కోసం ఆయనకు ఒక పని కావాలి. ముక్కుతో గాలి పీల్చి, ఈల వేయబోతున్నట్టు పెదవులు ముడిచి, పీల్చినదానికి రెట్టింపు సేపు నెమ్మదిగా వదలడం నేర్పండి. ఇది ఆయాసానికి మేం ఎలాగూ నేర్పేదే, ఆరాటానికి కూడా పనిచేస్తుంది. ఏది ఆయాసమో ఏది ఆరాటమో కొన్నాళ్లకు ఆయనకే తేడా తెలుస్తుంది. పీల్చే మందు సరిగ్గా పీలుస్తున్నారో లేదో ఒకసారి మీ ఎదుట చేయించి చూడండి. ఆయాసం అదుపులో లేని మనిషి సిగరెట్టు మానలేడు.

ఇంట్లో ఆక్సిజన్ యంత్రం ఉంటే, ఈ ఒక్క విషయంలో మెతకగా ఉండకండి. అది నడుస్తున్న గదిలో అగ్గిపుల్ల వెలగకూడదు. మొహం కాలి వచ్చినవాళ్లకు కట్లు కట్టాను.

దిగులు సంగతి కూడా చూడాలి. రిటైరైన డ్రైవరు, రోజంతా ఇల్లే, నాలుగడుగులు వేస్తే ఆయాసం. ఈ జబ్బులో కుంగుబాటు చాలా ఎక్కువ, అది ఉన్నంతకాలం మానడం రెట్టింపు కష్టం. ఇంతకుముందు ఇష్టంగా చేసిన పనులు ఇప్పుడూ చేయాలనిపిస్తోందా అని అడిగి చూడండి. లేదని ఆయన చెబితే, దానికీ వైద్యం ఉంది.

(మధ్యలో ఒక మాట. శ్రీకాకుళం వైపు అడ్డపొగ (చుట్ట నిప్పు వైపు నోట్లో పెట్టుకుని) తాగే పెద్దవయసు ఆడవాళ్లను, కట్టెల పొయ్యి దగ్గర బతుకంతా గడిపినవాళ్లను ఈ జబ్బుతో ఎందరినో చూశాను. 'మీరు చుట్ట తాగుతారా?' అని వాళ్లను ఏ వైద్యుడూ అడగడు. మీ ఇంట్లో నాయనమ్మో అమ్మమ్మో ఉంటే అడగండి.)

సిగరెట్టు పెట్టె మీద 1800-11-2356 అని ఒక నంబరు ఉంటుంది. పొగాకు మానాలనుకునేవారికి కేంద్ర ప్రభుత్వం నడిపే ఉచిత ఫోను సేవ అది. బెంగళూరులోని మానసిక ఆరోగ్య సంస్థ నిమ్‌హాన్స్ కేంద్రం ద్వారా తెలుగులోనూ మాట్లాడతారు. జిల్లా ఆసుపత్రుల్లో పొగాకు మాన్పించే కేంద్రాలు కూడా ఉన్నాయి. ఆ నంబరుకు మీరు కాదు, ఆయనే ఫోను చేయాలి. మీరు పక్కన కూర్చోకపోతే ఇంకా మంచిది. కూతురి ముందు చెప్పలేనివి చాలా ఉంటాయి.

ఈ ఆదివారం ఊరికి వెళ్లినప్పుడు సిగరెట్టు ఊసెత్తకుండా మందుల సంచి తెమ్మనండి. థియోఫిలిన్ ఉందేమో చూడండి. స్పైరోమెట్రీ కాగితం, అదే గొట్టంలో ఊదిన పరీక్ష, ఫోటో తీసుకోండి. తర్వాత ఒకే ఒక్క ప్రశ్న అడగండి: 'నాన్నా, పొద్దున లేచాక ఎంతసేపటికి మొదటిది వెలిగిస్తావు?' మందు మోతాదు తేలేది ఆ జవాబుతోనే. ఆ మూడూ నాకు రాసి పంపితే, మీ వైద్యుడిని ఏమేం అడగాలో చెబుతాను.